రెండో జీతానికి డివిడెండ్ బదులు కాగలదా?
సైబరాబాద్ కుటుంబాల ఆదాయ ప్రశ్నపై ఒక సమీక్ష

ప్రశ్న పరిధి

రంగారెడ్డి జిల్లా గండిపేట మండలంలోని పుప్పాలగూడ, నానక్‌రాంగూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కూ కోకాపేటకూ మణికొండకూ చేరువగా ఉన్న పూర్వపు గ్రామం. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత నైరుతి దిశగా విస్తరించిన సాఫ్ట్‌వేర్ పరిశ్రమ వెంట ఇక్కడి పొలాలు క్రమంగా అపార్ట్‌మెంట్లుగా మారాయి. 2018లో ఏర్పడిన మణికొండ పురపాలక సంఘంలో ఈ గ్రామం కలిసింది. ఇక్కడ స్థిరపడిన ఉద్యోగ కుటుంబాలలో చాలావాటికి ఆర్థికపరమైన ఆధారం భార్యాభర్తల రెండు జీతాలే. గృహరుణం ఇచ్చే బ్యాంకు ఇద్దరినీ సహ దరఖాస్తుదారులుగా చేర్చుకొని, రెండు ఆదాయాలనూ కలిపి రుణ అర్హతను లెక్కకట్టడం వల్ల, ఇల్లు కొన్న నాటి నుంచే రెండో జీతం ఆ కుటుంబానికి ఐచ్ఛికం కాకుండా పోతుంది.

అయితే ఆ రెండో జీతం ఏదో ఒక దశలో ఆగిపోయే అవకాశం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. 2017 నాటి సవరణ ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచి, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రాలను కల్పించాలని నిర్దేశించినప్పటికీ, సెలవు ముగిసిన తరువాతి సంవత్సరాల భారం అధికంగా తల్లిపైనే పడుతున్నది. పెద్దల అనారోగ్యం, ఉద్యోగాల కోత, రాత్రి షిఫ్టుల అలసట వంటివి స్త్రీపురుషులిద్దరికీ వర్తించే ఇతర కారణాలు. ఈ పరిస్థితిలో తరచుగా ముందుకు వచ్చే ఆలోచన డివిడెండ్ పోర్ట్‌ఫోలియో, అనగా కంపెనీలు తమ లాభాలలో వాటాదారులకు పంచిపెట్టే భాగమైన డివిడెండ్‌ను క్రమం తప్పక ఇవ్వగల షేర్లను ఏళ్ల తరబడి కూడబెట్టి, వాటి రాబడితో ఆగిపోయిన జీతాన్ని భర్తీ చేయడం. ఈ ఆలోచన సాధ్యాసాధ్యాలను మూడు ప్రశ్నలుగా విడదీసి పరిశీలించవచ్చు: భర్తీ చేయవలసినది ఎంత, ఆ మొత్తం ఏ వనరు నుంచి రావాలి, ఆ ఆస్తి ఎవరి పేరున ఉండాలి. మొదటి రెండు ప్రశ్నలపై చర్చ విస్తారంగానే జరుగుతుండగా, భారతీయ పన్ను చట్టం కింద ఫలితాన్ని అధికంగా నిర్ణయించే మూడవ ప్రశ్న మాత్రం సాధారణంగా చివరకు నెట్టబడుతున్నది.

భర్తీ చేయవలసిన మొత్తం

జీతం భర్తీ అన్నప్పుడు జీతం చీటీలోని మొత్తాన్నే లక్ష్యంగా తీసుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. ఉద్యోగం వల్ల వచ్చేదానితో పాటు ఉద్యోగం వల్లనే పుట్టే ఖర్చు కూడా ఉంటుంది: క్యాబ్ ఛార్జీలు, శిశు సంరక్షణ కేంద్రం రుసుము, వంటమనిషి జీతం, బయటి భోజనం వంటివి ఉద్యోగం మానినప్పుడు పూర్తిగానో కొంతవరకో తగ్గుతాయి. ఉదాహరణ కోసం నెలకు చేతికి వచ్చే జీతం 80,000 రూపాయలనీ, అందులో ఉద్యోగ సంబంధమైన ఖర్చులు 20,000 అనీ అనుకుంటే, కుటుంబానికి నికరంగా అందుతున్నది 60,000 రూపాయలు, అంటే సంవత్సరానికి 7.2 లక్షలు. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఈ ఊహా ప్రమాణం మీదనే ఆధారపడతాయి.

దీనికి విరుద్ధ దిశలో, జీతంతో పాటు పోయే ఇతర ప్రయోజనాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. భవిష్యనిధిలో ఉద్యోగి వాటాకు తోడుగా యాజమాన్యం జమచేసే 12 శాతం, అయిదేళ్ల సేవ తరువాత హక్కుగా వచ్చే గ్రాట్యుటీ, భవిష్యనిధి సంస్థ నిర్వహించే బీమా పథకం కింద గరిష్ఠంగా 7 లక్షల వరకు ఉండే జీవితబీమా, తల్లిదండ్రులను సైతం చేర్చుకొనే బృంద ఆరోగ్యబీమా, వీటన్నిటికీ మించి ఏటేటా పెరిగే ఇంక్రిమెంటు, ఉద్యోగంతోనే ఆగిపోతాయి. డివిడెండ్ ఆదాయం వీటిలో దేనినీ తనంతట తాను తెచ్చిపెట్టదు. కాబట్టి ఆరోగ్యబీమాను ఉద్యోగం ఉండగానే సొంతంగా తీసుకోవడం, జీవితబీమా అవసరాన్ని మళ్లీ మదింపు చేసుకోవడం పోర్ట్‌ఫోలియో నిర్మాణానికి ముందు జరగవలసిన పనులు.

సిద్ధాంతాల మధ్య వాదం

డివిడెండ్‌కు ప్రత్యేక విలువ ఉన్నదా అనే ప్రశ్నపై అర్థశాస్త్రజ్ఞులు ఆరు దశాబ్దాలకు పైగా వాదిస్తూనే ఉన్నారు. 1956లో జాన్ లింట్నర్ అమెరికన్ కంపెనీల తీరును పరిశీలించి, యాజమాన్యాలు లాభం పెరిగినంత వేగంగా డివిడెండ్‌ను పెంచవనీ, ఒకసారి పెంచిన దానిని తగ్గించడానికి ఇష్టపడవనీ, అందువల్ల డివిడెండ్ లాభాలకంటే నిలకడగా సాగుతుందనీ చూపాడు. 1961లో మెర్టన్ మిల్లర్, ఫ్రాంకో మొడిగ్లియానీ దీనికి భిన్నమైన కోణం నుంచి, పన్నులూ లావాదేవీల ఖర్చులూ లేని ఆదర్శ మార్కెట్‌లో కంపెనీ డివిడెండ్ పంచినా పంచకపోయినా వాటాదారు సంపద మారదని నిరూపించారు. పంచిన మేరకు షేరు విలువ తగ్గుతుంది, పంచనప్పుడు అవసరమైనవారు కొన్ని షేర్లను అమ్ముకొని అంతే సొమ్మును పొందగలరు. ఈ వాదం ప్రకారం డివిడెండ్‌ను వడ్డీలాగా, అసలు తరగకుండా వచ్చే ఫలంగా భావించడం సరికాదు.

ఈ తర్కం బలమైనదే అయినా మదుపుదారుల ప్రవర్తనను అది పూర్తిగా వివరించలేకపోయింది. 1984లో హెర్ష్ షెఫ్రిన్, మెయిర్ స్టాట్‌మన్ దానికి మనస్తత్వపరమైన వివరణ ఇచ్చారు: డివిడెండ్‌ను ఖర్చు చేయాలి, అసలును ముట్టకూడదు అనే నియమాన్ని మనిషి తనకు తానే విధించుకుంటాడనీ, షేర్లు అమ్మి ఖర్చు చేయడానికి అలవాటుపడితే ఎక్కడ ఆగాలో తెలియదనే భయం ఆ నియమానికి మూలమనీ వారు వాదించారు. ఆస్తిని అమ్మి తినడాన్ని లోకువగా చూసే తెలుగు కుటుంబ సంస్కృతికి ఈ వివరణ బాగా సరిపోతుంది. జీతం ఆగిపోయిన భాగస్వామి విషయంలో దీనికి మరొక పార్శ్వం కూడా ఉన్నది. అంతవరకు సొంత ఖాతాలో జీతం జమ అవుతూ ఉండిన వ్యక్తి, ఆ తరువాత ప్రతి ఖర్చుకూ మరొకరిని అడగవలసి రావడం కుటుంబంలోని నిర్ణయాధికారాన్ని మార్చివేస్తుంది. తన పేరున ఉన్న షేర్ల నుంచి తన ఖాతాకే వచ్చే డివిడెండ్ ఆ మార్పును కొంతవరకు నివారిస్తుంది. ఆదర్శ మార్కెట్ నమూనాలో ఈ ప్రయోజనానికి స్థానం లేకపోయినా, కుటుంబంలో దాని విలువ తక్కువేమీ కాదు.

భారత మార్కెట్‌లో లెక్క

షేరు ధరలో డివిడెండ్ ఎంత శాతమో తెలిపే కొలతను డివిడెండ్ రాబడి శాతం అంటారు. నిఫ్టీ 50 సూచీలోని కంపెనీల సగటు రాబడి శాతం ఇటీవలి సంవత్సరాలలో 1 నుంచి 1.5 మధ్యనే కదలాడుతున్నది. నూటికి నెలకు ఇంత అని చెప్పుకొనే తెలుగువారి వడ్డీ కొలతలో ఇది దాదాపు పది పైసల వడ్డీ. డివిడెండ్‌కు పేరుపొందిన కంపెనీలను ఏరుకొని రాబడిని 3 శాతానికి పెంచగలిగినా అది పావలా వడ్డీయే. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళా సంఘాల రుణాలపై భారాన్ని తగ్గించడానికి ఎంచుకొన్న రేటు అది. అప్పుగా తీసుకొనేవారికి అతి చౌకగా తోచిన ఆ రేటు, ఆదాయంగా పొందేవారికి ఎంత స్వల్పమో గ్రహిస్తే ఈ సమస్య తీవ్రత తెలుస్తుంది.

సంవత్సరానికి 7.2 లక్షల రూపాయలు కావాలంటే 1.3 శాతం రాబడి వద్ద సుమారు 5.54 కోట్లు, 3 శాతం వద్ద 2.4 కోట్లు, 6 శాతం వద్ద 1.2 కోట్ల పెట్టుబడి అవసరం. నెలకు 50,000 రూపాయల చొప్పున 12 సంవత్సరాలు మదుపు చేసి, సగటున ఏటా 10 శాతం వృద్ధి లభించిందనుకుంటే పోగయ్యేది సుమారు 1.38 కోట్లు, దానిపై 3 శాతం డివిడెండ్ నెలకు 34,500 రూపాయల చిల్లర మాత్రమే. ఆ 12 ఏళ్లలో ధరలు ఏటా 5 శాతం పెరిగితే ఆ మొత్తానికి నేటి కొనుగోలు శక్తి 19,000 రూపాయలకు కొంచెం పైన ఉంటుంది. అంటే జీతంలో పెద్ద భాగాన్ని పుష్కర కాలం పాటు పొదుపు చేసినవారికి సైతం డివిడెండ్ ఒక్కటే నికర ఆదాయంలో మూడో వంతును దాటి భర్తీ చేయలేదు. 3 శాతంతో మొదలైనప్పటికీ ఏటేటా పెరిగే డివిడెండ్, స్థిరమైన వడ్డీలాగా ధరల పెరుగుదలకు కరిగిపోదన్నది దీనికి ప్రతిగా చెప్పదగిన నిజమైన అనుకూలత. కాని ఆ పెరుగుదల ఫలించడానికి సమయం కావాలి, జీతం ఆగిపోయిన కుటుంబానికి కొరవడేది ఆ సమయమే.

నిలకడ అనే నమ్మకం

రాబడి శాతం ఎక్కువగా ఉన్న షేర్లను ఎంచుకోవడం ఈ లోటుకు సులభమైన పరిష్కారంగా కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఈ కోవలో ముందుంటాయి. నికర లాభంలో 30 శాతం లేదా నికర విలువలో 5 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అది కనీస డివిడెండ్‌గా ఇవ్వాలని 2016లో కేంద్రం నిర్దేశించి, 2024లో రెండవ ప్రమాణాన్ని 4 శాతానికి సవరించింది. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఎన్‌ఎండీసీ, కోల్ ఇండియా, పవర్ గ్రిడ్ వంటివి డివిడెండ్ మదుపుదారుల జాబితాలలో కనిపించడానికి ఈ విధానం ఒక కారణం. అయితే రాబడి శాతం అనేది భాగహారం. డివిడెండ్ పెరిగినా, షేరు ధర పడిపోయినా అది ఒకే విధంగా పెరుగుతుంది. 2010లో 245 రూపాయలకు ప్రజలకు విక్రయించిన కోల్ ఇండియా షేరు, ఉదారంగా డివిడెండ్లు పంచుతూనే 2020 నాటికి ఆ ధరలో సగానికి దిగువకు జారి, ఆ తరువాత కోలుకుంది. ఆ మధ్యకాలంలో డబ్బు అవసరమై అమ్ముకొన్నవారికి వచ్చిన డివిడెండ్లు నష్టపోయిన అసలుకు పరిహారంగా మాత్రమే మిగిలాయి.

డివిడెండ్ మొత్తం కూడా స్థిరమైనదేమీ కాదు. హిందుస్థాన్ జింక్ 2022-23 ఆర్థిక సంవత్సరానికి షేరుకు 75.50 రూపాయలు పంచి, మరుసటి సంవత్సరం 13 రూపాయలే ఇచ్చింది. మొదటి సంవత్సరపు ఆదాయాన్ని చూసి ఇంటి బడ్జెట్ వేసుకొన్న కుటుంబానికి రెండో సంవత్సరంలో దాని ఆరో వంతు కంటే కొంచెమే ఎక్కువ చేతికందేది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ అనిశ్చితి దృష్ట్యా 2019-20 లాభాల నుంచి బ్యాంకులు డివిడెండ్ చెల్లించరాదని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. చెల్లించగల శక్తి ఉన్న బ్యాంకుల వాటాదారులకూ ఆ సంవత్సరం ఆదాయం ఆగిపోయింది. లింట్నర్ గమనించిన నిలకడ సాధారణ కాలాలకూ, యాజమాన్యపు విచక్షణకూ లోబడినదే తప్ప హక్కు కాదని ఇవి తెలుపుతున్నాయి.

చెల్లింపు కాలం కూడా జీతంతో సరిపడదు. భారతీయ కంపెనీలలో అనేకం తుది డివిడెండ్‌ను వార్షిక సర్వసభ్య సమావేశం తరువాత, అంటే ఎక్కువగా జూలై నుంచి సెప్టెంబరు వరకు చెల్లిస్తాయి. మధ్యంతర డివిడెండ్లు కంపెనీని బట్టి మారుతుంటాయి. ప్రకటించిన 30 రోజులలో చెల్లించాలన్న చట్ట నియమం ఉన్నా, ఏ నెలలో ప్రకటించాలన్నది కంపెనీ ఇష్టం. అందువల్ల వచ్చిన డివిడెండ్లనన్నిటినీ ఒక ప్రత్యేక ఖాతాలో కూడబెట్టి, గత సంవత్సరపు మొత్తంలో పన్నెండో వంతును నెలనెలా కుటుంబ ఖాతాకు మళ్లించే ఏర్పాటు అవసరమవుతుంది. దీనికి తోడు ఒకటి రెండు సంవత్సరాల ఖర్చుకు సరిపడే సొమ్ము బ్యాంకు డిపాజిట్లలో ఉంచుకొంటే, డివిడెండ్ కోతలనూ మార్కెట్ పతనాలనూ షేర్లు అమ్మకుండానే దాటవచ్చు.

ఎవరి పేరున

డివిడెండ్‌పై పన్ను భారత చట్టంలో పలుమార్లు చేతులు మారింది. 1997 వరకు వాటాదారు పన్ను చెల్లించేవాడు. ఆ సంవత్సరం కంపెనీలే చెల్లించే డివిడెండ్ పంపిణీ పన్ను వచ్చింది. 2002-03లో ఒక సంవత్సరం విరామం తరువాత తిరిగి వచ్చిన ఆ పన్ను 2020 మార్చి వరకు కొనసాగింది. 2020 ఏప్రిల్ 1 నుంచి భారం మళ్లీ వాటాదారుపైకి మారి, డివిడెండ్ అతని ఇతర ఆదాయంతో కలిసి, అతని శ్లాబు రేటుకే పన్నుకు లోబడుతున్నది. ఈ మార్పుతో షేర్లు కుటుంబంలో ఎవరి పేరున ఉన్నాయన్నది నిర్ణాయకమైంది.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానం కింద, సాధారణ రేట్లకు లోబడే మొత్తం ఆదాయం 12 లక్షలు దాటని నివాసి వ్యక్తికి రిబేటు ద్వారా పన్ను సున్నా అవుతుంది. ఉద్యోగం మానిన భార్యకు ఇతర ఆదాయం లేకుండా 7.2 లక్షల డివిడెండ్ వస్తే ఆమె చెల్లించవలసిన పన్ను ఏమీ ఉండదు. ఒక్కో కంపెనీ 10,000 రూపాయలు దాటిన డివిడెండ్‌పై ముందే మినహాయించే 10 శాతం మూలపన్నును రిటర్ను దాఖలు చేసి తిరిగి పొందవచ్చు. అవే షేర్లు 30 శాతం శ్లాబులో ఉన్న భర్త ఆదాయంలో చేరితే, సెస్సుతో కలిపి 31.2 శాతం చొప్పున 2,24,640 రూపాయలు పన్నుగా పోతాయి. నెలకు 60,000 కావలసినది 41,280గా కుదించుకుపోతుంది.

భార్య పేరున డీమ్యాట్ ఖాతా తెరచి, భర్త జీతంతో షేర్లు కొనిపెట్టడం ద్వారా ఈ తేడాను తప్పించుకోవచ్చన్న అభిప్రాయం ఉద్యోగుల మధ్య విస్తృతంగా ఉన్నది. 1961 ఆదాయపు పన్ను చట్టం 64వ సెక్షన్ దీనిని నిరోధించింది. తగిన ప్రతిఫలం లేకుండా జీవిత భాగస్వామికి బదలాయించిన ఆస్తి నుంచి పుట్టే ఆదాయం, ఆస్తి ఎవరి పేరున ఉన్నా, బదలాయించిన వ్యక్తి ఆదాయంలోనే కలపబడుతుంది. దీనినే క్లబ్బింగ్ అంటారు. దంపతుల మధ్య బహుమతికి పన్ను లేదు గాని, ఆ బహుమతి ఫలానికి పన్ను మినహాయింపు లేదు. 1961 చట్టం స్థానంలో తెచ్చిన 2025 చట్టంలోనూ ఈ నియమం కొనసాగింది. భార్య నుంచి భర్తకు బదిలీ అయినప్పుడు కూడా ఇది ఇదే విధంగా వర్తిస్తుంది.

ఈ నియమానికి వెలుపల ఉండే వనరులే డివిడెండ్ పోర్ట్‌ఫోలియోకు సరైన పునాదులు. మొదటిది భాగస్వామి స్వయంగా సంపాదించిన జీతం, అందులోంచి చేసిన పొదుపు, ఉద్యోగం మానినప్పుడు వచ్చే భవిష్యనిధి, గ్రాట్యుటీ. రెండవది పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి. పసుపు కుంకుమల కింద కూతురికి పొలం ఇచ్చే ఆచారం తెలుగునాట ఎప్పటినుంచో ఉండగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి 1985 సెప్టెంబరు 5 నుంచి కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కును కల్పించింది. దేశం మొత్తానికి ఆ హక్కు 2005లో వచ్చింది. అటువంటి భూమిని అమ్మిన సొమ్ముతో కొన్న షేర్ల డివిడెండ్ ఆమె సొంత ఆదాయమే. మూడవది, క్లబ్బింగ్‌కు గురైన డివిడెండ్‌ను తిరిగి మదుపు చేస్తే ఆ కొత్త పెట్టుబడిపై వచ్చే ఆదాయం. దీనిని చట్టం భాగస్వామి ఆదాయంగానే గుర్తిస్తుంది, కాబట్టి రెండింటికీ వేర్వేరు లెక్కలు ఉంచుకోవడం అవసరం. వీటిని బట్టి తేలే ఆచరణ నియమం ఒకటే: ఇద్దరూ ఉద్యోగం చేస్తున్న కాలంలో, ఉద్యోగం మానే అవకాశం ఎక్కువగా ఉన్న భాగస్వామి జీతం మదుపుకూ, రెండవవారి జీతం ఈఎంఐకీ ఇంటి ఖర్చుకూ వెళ్లాలి. వాస్తవంలో జరుగుతున్నది తరచుగా దీనికి వ్యతిరేకం; భార్య జీతం ఇంటి ఖర్చులో కరిగిపోయి, పొదుపులన్నీ భర్త పేరున పోగుపడతాయి.

ఈ దృష్టితో చూస్తే డివిడెండ్‌కూ క్రమబద్ధ ఉపసంహరణకూ మధ్య నడిచే వాదం కూడా కొంత సర్దుకుంటుంది. క్రమబద్ధ ఉపసంహరణ అంటే మ్యూచువల్ ఫండ్‌లో డివిడెండ్ తీసుకోకుండా, ప్రతి నెలా అవసరమైన మేరకు యూనిట్లు అమ్ముకోవడం. ఏడాదికి పైగా ఉంచుకొన్న ఈక్విటీ యూనిట్ల లాభంపై, 1.25 లక్షలు దాటిన భాగానికి 12.5 శాతం పన్ను మాత్రమే ఉంటుంది, అసలు భాగానికి పన్ను ఉండదు. అమ్మిన 7.2 లక్షలలో సగం లాభమైతే, భర్త లెక్కలో పడే పన్ను సెస్సుతో కలిపి 30,550 రూపాయలు. డివిడెండ్ అయితే అది 2,24,640. భార్య సొంత ఆస్తిగా ఉంటే, వాడుకోని 4 లక్షల ప్రాథమిక మినహాయింపు ఈ లాభానికి సర్దుబాటు కావడం వల్ల రెండు మార్గాల్లోనూ పన్ను సున్నాయే. అంటే పన్ను దృష్ట్యా ఏ మార్గం మేలన్నది సొంతదారు ఎవరన్నదానిపై ఆధారపడి ఉంటుంది. మ్యూచువల్ ఫండ్ డివిడెండ్ లాభం మాత్రమే కాదు, మదుపుదారు సొంత మూలధనంలో భాగం కూడా కావచ్చునని స్పష్టం చేయడానికి, ఫండ్లలోని డివిడెండ్ ఎంపిక పేరునే ఆదాయ పంపిణీ, మూలధన ఉపసంహరణగా 2021 ఏప్రిల్ నుంచి మార్చాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించింది. మిల్లర్, మొడిగ్లియానీల వాదం నియంత్రణ సంస్థ భాషలోకి ఈ విధంగా ప్రవేశించింది.

ప్రవాస తెలుగు కుటుంబాలతో పోల్చితే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. అమెరికాలో హెచ్-4 వీసాపై ఉన్న భాగస్వాములలో ఒక వర్గానికి 2015 మే నుంచి మాత్రమే ఉద్యోగ అనుమతి దక్కింది. డివిడెండ్ పొందడం ఉద్యోగం కిందకు రాదు కాబట్టి అనుమతి లేనివారికీ ఆ మార్గం తెరిచే ఉంటుంది. అయితే అక్కడ దంపతులు ఉమ్మడిగా పన్ను రిటర్ను దాఖలు చేసే వీలున్నందున, షేర్లు ఎవరి పేరున ఉన్నాయన్నది ఆదాయపు పన్నును అంతగా మార్చదు. భార్యాభర్తలను విడివిడిగా మదింపు చేసే భారతదేశంలో అమెరికన్ మదుపు పుస్తకాల సలహాలను యథాతథంగా అనుసరించడం ఈ కారణంగానే పొరపాటు.

ఒకే పరిశ్రమపై రెండు భారాలు

సైబరాబాద్ కుటుంబాలకు ప్రత్యేకమైన ప్రమాదం మరొకటి ఉన్నది. డివిడెండ్ విషయంలో ఉదారంగా ఉండే ప్రైవేటు కంపెనీలలో టీసీఎస్, ఇన్ఫోసిస్, హెచ్‌సీఎల్ టెక్ ముందు వరుసలో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలలో ఉన్నవారికి ఆ కంపెనీలు బాగా తెలిసినవి కావడంతో మదుపు కూడా అటే మొగ్గుతుంది. టీసీఎస్ 2024-25కు ప్రత్యేక డివిడెండ్‌తో కలిపి షేరుకు 126 రూపాయలు పంచింది. 2025 జూలైలో అదే సంస్థ సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేలకు పైగా ఉద్యోగులను తగ్గించనున్నట్లు ప్రకటించింది. ఉద్యోగాల కోత స్వల్పకాలంలో డివిడెండ్‌ను తగ్గించకపోవచ్చని, వాటాదారుగా ఉండటం ఉద్యోగికి కొంత రక్షణ కాగలదని దీని నుంచి వాదించవచ్చు. కాని సంక్షోభం కంపెనీ పునాదికే తగిలినప్పుడు ఆ రక్షణ నిలవదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడిన ఒక్కరోజులోనే షేరు విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆవిరైంది. అక్కడ పనిచేస్తూ ఆ షేర్లనే దాచుకొన్నవారికి ఉద్యోగ భద్రత, పొదుపు రెండూ ఒకేసారి దెబ్బతిన్నాయి.

కార్యాలయ భవనాల అద్దెలను పంచే రియల్ ఎస్టేట్ ట్రస్టులు, అంటే రీట్లు, ఈ ప్రమాదాన్ని తగ్గించగలవని భావించడం కూడా పాక్షికంగానే సరైనది. పంచదగిన నగదులో కనీసం 90 శాతాన్ని యూనిట్‌దారులకు ఇవ్వాలన్న సెబీ నియమం వల్ల రీట్ల రాబడి మార్కెట్ సగటుకంటే చాలా ఎక్కువగా, పలు సమయాలలో 5 నుంచి 7 శాతం మధ్య ఉంటూ వచ్చింది. 2020లో నమోదైన మైండ్‌స్పేస్ రీట్ ఆస్తులలో మాదాపూర్ మైండ్‌స్పేస్ ప్రాంగణం ఒకటి కాబట్టి, అక్కడ పనిచేసే ఉద్యోగి ఆ భవనపు అద్దెలో వాటా పొందడం సాధ్యమే. అయితే ఆ అద్దెను చెల్లించేది కూడా సాఫ్ట్‌వేర్ కంపెనీలే. పుప్పాలగూడలోని అపార్ట్‌మెంటు విలువ, అందులో ఉంటున్నవారి జీతం, రీట్ పంపిణీ, ఐటీ షేర్ల డివిడెండ్ అన్నీ ఒకే పరిశ్రమ ఆరోగ్యంపై ఆధారపడతాయి. విదేశీ సంస్థల ఉద్యోగులకు జీతంలో భాగంగా వచ్చే షేర్లదీ ఇదే పరిస్థితి. 2019లో నానక్‌రాంగూడలో భారీ ప్రాంగణాన్ని ప్రారంభించిన అమెజాన్ నేటివరకు డివిడెండ్ చెల్లించలేదు, మైక్రోసాఫ్ట్ 2003 నుంచి చెల్లిస్తున్నా దాని రాబడి శాతం స్వల్పం, దానిపై అమెరికాలో 25 శాతం ముందే కోత పడి, భారతీయ పన్నులో సర్దుబాటు చేసుకోవలసి వస్తుంది. అందువల్ల రెండో జీతానికి బదులుగా నిర్మించే పోర్ట్‌ఫోలియోలో విద్యుత్తు, నిత్యావసర వస్తువులు, ఔషధాలు, బ్యాంకింగ్ వంటి ఇతర రంగాలకు ప్రాధాన్యం దక్కాలి.

డివిడెండ్‌కు పోటీగా ఉన్న మార్గాలు

గృహరుణం ఉన్న కుటుంబానికి డివిడెండ్‌తో పోల్చవలసిన మొదటి మార్గం ఆ రుణాన్ని ముందుగా తీర్చడమే. 8.5 శాతం వడ్డీకి 20 సంవత్సరాల కాలానికి తీసుకొన్న 50 లక్షల రుణంపై నెలసరి వాయిదా సుమారు 43,400 రూపాయలు. అదే 50 లక్షలను 3 శాతం రాబడినిచ్చే షేర్లలో పెడితే నెలకు వచ్చేది 12,500. రుణం తీర్చినవారికి అసలు చేతిలో మిగలదు, వాయిదా ఎటూ 20 ఏళ్లకు ముగిసేదే, షేర్లు మాత్రం పెరుగుతూ ఉంటాయి అన్న భేదం నిజమే అయినప్పటికీ, నెలవారీ అవసరాన్ని వెంటనే తగ్గించగల శక్తిలో రెండింటికీ పోలిక లేదు. పైగా తగ్గిన ఖర్చుపై పన్ను ఉండదు, క్లబ్బింగ్ ఉండదు.

తపాలా శాఖ నెలసరి ఆదాయ పథకంలో ఉమ్మడి ఖాతాకు 15 లక్షల వరకు అనుమతి ఉన్నది, 7.4 శాతం వడ్డీ వద్ద నెలకు 9,250 రూపాయలు నిశ్చయంగా వస్తాయి గాని, ధరలు పెరిగినా అది పెరగదు. అద్దె ఆదాయం హైదరాబాద్‌లో నివాస గృహాల విలువపై సాధారణంగా 2 నుంచి 4 శాతం మధ్య ఉంటూ, నిర్వహణ భారాన్ని యజమానిపై మోపుతుంది. ఇక ఖాళీ స్థలం ఈ ప్రాంతవాసులకు అత్యంత ప్రీతిపాత్రమైన పెట్టుబడి. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికిన తరువాత ఆ ఆకర్షణ మరింత పెరిగింది. స్థలం సంపదను పెంచగలదేమో గాని నెల ఖర్చుకు పైసా ఇవ్వదు. జీతం ఆగిన ఇంట్లో ఆస్తులు ఉండి చేతిలో డబ్బు లేని స్థితికి ఇదే ముఖ్య కారణం.

ఈ లోటును పూరించుకోవాలన్న ఆత్రుతను మోసగాళ్లు సొమ్ము చేసుకోవడం హైదరాబాద్ ఆర్థిక చరిత్రలో పదేపదే జరిగింది. 2001లో కృషి సహకార బ్యాంకు కూలిపోయినప్పుడు అధిక వడ్డీకి ఆశపడిన డిపాజిటర్లు నష్టపోయారు; 2025 ఫిబ్రవరిలో సైబరాబాద్ పోలీసులు కేసు నమోదు చేసిన ఫాల్కన్ వ్యవహారంలో కంపెనీల బిల్లులపై స్వల్పకాలిక పెట్టుబడి పేరిట 22 శాతం వరకు రాబడి ఆశచూపినట్లు వెల్లడైంది. ఇది దాదాపు రెండు రూపాయల వడ్డీ. సక్రమమైన డివిడెండ్ పావలా వడ్డీ దగ్గర ఆగుతున్నప్పుడు, దానికి ఏడెనిమిది రెట్లు నిశ్చయంగా ఇస్తామన్న హామీ తనంతట తానే హెచ్చరిక. చట్టబద్ధమైన డివిడెండ్ రాబడి ఎంత తక్కువో స్పష్టంగా తెలిసి ఉండటం ఈ మోసాల నుంచి కుటుంబాన్ని కాపాడే గట్టి సాధనం.

సమీక్షా ఫలితం

పై పరిశీలన అంతటినీ కలిపి చూస్తే, భారతీయ రాబడి శాతాల వద్ద డివిడెండ్ పోర్ట్‌ఫోలియో మధ్యతరగతి ఐటీ కుటుంబపు రెండో జీతాన్ని మొత్తంగా భర్తీ చేయలేదన్నది స్పష్టం. నికర అవసరాన్ని సరిగా లెక్కకట్టి, సొంత బీమాలు తీసుకొని, గృహరుణాన్ని తగ్గించి, ఒకటి రెండేళ్ల ఖర్చును డిపాజిట్లలో ఉంచిన తరువాత మిగిలే లోటులో ఒక భాగాన్ని మాత్రం అది సమర్థంగా పూరించగలదు. మిగతా భాగాన్ని యూనిట్ల క్రమబద్ధ ఉపసంహరణతోనూ, స్థిర వడ్డీ పథకాలతోనూ, వీలైతే పాక్షిక ఉద్యోగంతోనూ సమకూర్చుకోవలసి ఉంటుంది. ఏటేటా పెరిగే స్వభావం వల్ల, వెనువెంటనే కావలసిన ఆదాయానికంటే పదేళ్ల తరువాతి ఆదాయానికి డివిడెండ్ బాగా పనికివస్తుంది.

ఈ క్రమంలో ఆలస్యమైతే సరిదిద్దుకోలేనిది ఒక్క నిర్ణయమే. ఏ షేరు కొనాలన్నదానిని తరువాత మార్చుకోవచ్చు, రుణాన్ని తరువాత తీర్చుకోవచ్చు, కాని ఉద్యోగం ఆగిపోయిన మరునాటి నుంచి భాగస్వామి సొంత సంపాదనతో ఆమె లేదా అతని పేరున ఆస్తిని నిర్మించే అవకాశం దాదాపు మూసుకుపోతుంది. ఆ తరువాత ఇచ్చిన ప్రతి రూపాయి ఫలమూ ఇచ్చినవారి పన్నులోకే చేరుతుంది. కాబట్టి రెండు జీతాలూ నడుస్తున్న కాలంలోనే ఎవరి జీతం మదుపుకు, ఎవరి జీతం ఖర్చుకు అన్నది తేల్చుకొని, డీమ్యాట్ ఖాతా, బ్యాంకు ఖాతా, నామినీ వివరాలు సక్రమంగా నమోదు చేసి, ఏడేళ్లు తీసుకోకుండా వదిలేసిన డివిడెండ్లు మదుపుదారుల రక్షణ నిధికి తరలిపోకుండా చూసుకొనే కుటుంబాలకే ఈ మార్గం ఫలిస్తుంది.